రాన్నీ బొమ్మను పలికించడానికి ఒక్క వాక్యం చాలు, ఇరవై నిమిషాల వీడియో ఎందుకండీ

నిన్న రాత్రి ఎల్డెన్ రింగ్ గేమ్‌లో రాన్నీ అనే మంత్రగత్తె క్వెస్ట్, అంటే ఆమె అప్పగించే పనుల వరస, పూర్తయింది. డార్క్ మూన్ గ్రేట్‌స్వోర్డ్ అనే కత్తి చేతికొచ్చింది. ఆ సంతోషం ఒకవైపు, ఒళ్ళు మంట ఇంకోవైపు. రెండూ చల్లారకముందే రాసేస్తున్నాను.

ఎల్డెన్ రింగ్ ఆడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 2022 ఫిబ్రవరిలో వచ్చిన ఈ గేమ్‌లో ఏ పని ఎంతవరకు వచ్చిందో చూపించే క్వెస్ట్ జాబితా అంటూ ఏదీ ఉండదు. దారిలో ఎవరో కలిసి ఏదో అంటారు, అది మనమే గుర్తుపెట్టుకోవాలి, ఆ తర్వాత ఎటు వెళ్ళాలో మనమే తేల్చుకోవాలి. కలిసిన మనుషుల పేర్లు మ్యాప్ మీద గుర్తులుగా పడటం కూడా మార్చిలో వచ్చిన 1.03 ప్యాచ్‌తోనే (గేమ్‌కు తర్వాత వచ్చిన అప్‌డేట్‌తోనే) మొదలైంది. ఇక రాన్నీ కథ సంగతి చెప్పాలంటే నేల మీద కొంత, నేల కింద కొంత, మధ్యలో తలకిందులయ్యే భవనం ఒకటి. బయటి సాయం లేకుండా దీన్ని చివరిదాకా లాగేవాళ్ళకు నా దండం. నేను ఆ కోవలో లేను, అందుకు సిగ్గూ లేదు.

మొదటి సగం హాయిగా నడిచింది. కారియా మేనర్ అనే కోటలో లొరెట్టా అనే పెద్ద శత్రువును పడగొట్టడం, వెనకున్న బురుజు ఎక్కి రాన్నీకి సరేననడం, కింద ఆమె మనుషులు ఇజీ, బ్లైడ్, సెలూవిస్‌లను పలకరించడం, అన్నీ ఒక్క సాయంత్రంలో అయిపోయాయి. తర్వాత ఓడించాల్సిన పెద్ద శత్రువు రడాన్ మాత్రం బాగా ఏడిపించాడు, కానీ అతను ఎవర్ని ఏడిపించలేదు గనక. అతను పడగానే ఆకాశంలోంచి చుక్క రాలి లిమ్‌గ్రేవ్ అడవిలో పెద్ద గుంత పడుతుంది, అందులోంచి దిగితే నేల కింది ఊరు నోక్రాన్. అక్కడి పెట్టెలో దొరికిన ఫింగర్‌స్లేయర్ బ్లేడ్ తెచ్చి రాన్నీకి ఇస్తే, తలకిందుల విగ్రహం ఒకటి ఇచ్చి పంపింది. దాన్ని తీసుకెళ్ళి ఇందాక చెప్పిన తలకిందులయ్యే భవనం, స్టడీ హాల్‌ను తిరగేసి ఆ పనీ ముగించుకుని వచ్చాను. పక్క బురుజు తెరుచుకుంది. లోపలి పోర్టల్ ముట్టుకుంటే ఐన్సెల్ నది దగ్గర తేలాను. అక్కడ ఒక బొమ్మ దొరుకుతుంది. చిన్నదిగా, అచ్చం రాన్నీలాగే. సైట్ ఆఫ్ గ్రేస్ (ఆగి విశ్రాంతి తీసుకునే వెలుగు చోటు) దగ్గర కూర్చోగానే మెనూలో ఆ బొమ్మతో మాట్లాడమని కొత్త ఆప్షన్ వస్తుంది.

నొక్కాను. బొమ్మ పలకలేదు.

లేచి మళ్ళీ కూర్చున్నాను. నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. గేమ్ మూసి మళ్ళీ తెరిచాను, అదే తంతు. ముందు మెట్టులో ఏదో వదిలేశానా, సెలూవిస్‌కు ఇవ్వాల్సింది ఇవ్వలేదా, లేక ఇదేమైనా బగ్గా అని టెన్షన్ మొదలైంది. కష్టపడి ఇంతదూరం వచ్చాక క్వెస్ట్ విరిగిపోయిందేమోనన్న అనుమానం ఎలా ఉంటుందో ఈ గేమ్ ఆడినవాళ్ళకు తెలుసు. వెనక్కి వెళ్ళి పాత సేవ్ తెరుద్దామంటే ఇందులో ఆ సదుపాయమూ లేదు, అదే పనిగా తనంతట తానే సేవ్ చేసేసుకుంటుంది.

వెతికితే పై వరసంతా వీడియోలే. అందులో బాగా పేరున్నట్టు కనిపించిన ఒకటి తెరిచాను. 'రాన్నీ క్వెస్ట్ పూర్తి గైడ్' అని పెద్ద అక్షరాలు, పక్కన నోరు తెరిచిన ముఖం, దాని వెనక ఆ కథ ఎలా ముగుస్తుందో చూపించే చివరి దృశ్యం. అంటే సాయం కోసం వచ్చినవాడికి తలుపు దగ్గరే ముగింపు చూపించేశారన్నమాట. ఇంకా ప్లే కూడా నొక్కలేదు.

ఇక ఉపోద్ఘాతం. అతనికి ఈ గేమ్ అంటే ఎంత ఇష్టమో, కిందటి వీడియోకి వచ్చిన ఆదరణకు ఎంత రుణపడి ఉన్నాడో, లైక్ కొట్టకపోతే అతని మనసు ఎంత నొచ్చుకుంటుందో. తర్వాత హెడ్‌సెట్ ప్రకటన, అది కూడా అతనే చదివాడు. తర్వాత మొదటి మెట్టు నుంచి వరసగా కథ. నాకు కావాల్సింది తొమ్మిదో పదో మెట్టు. కింద గీతను వేలితో ముందుకు లాగితే రడాన్ దగ్గర ఆగుతుంది, ఇంకాస్త లాగితే ఏకంగా చివరి చర్చిలో తేలుతుంది. ఛాప్టర్లుగా విడగొట్టే వీలున్నా ఈయన విడగొట్టలేదు. ఎందుకు విడగొడతాడు, విడగొడితే మనం మొత్తం చూడం కదా.

ఎలాగోలా ఐన్సెల్ దగ్గరికి చేరుకున్నాను. అతను బొమ్మ తీసుకున్నాడు, గ్రేస్ దగ్గర కూర్చున్నాడు, ఆప్షన్ నొక్కాడు, బొమ్మ మాట్లాడింది! నేను చేసిందీ అదే కదా! వెనక్కి లాగి మళ్ళీ చూశాను. స్పీడు తగ్గించి చూశాను. ఇంకో వీడియో, ఇంకొకటి. ఒకదానిలో మనిషి గొంతు కూడా లేదు, కంప్యూటర్ గొంతు రాన్నీ పేరునే రెండు రకాలుగా పలుకుతోంది. పక్కన వచ్చే మాటల రాతప్రతి తెరిచి అందులోనైనా బొమ్మ గురించి వెతుకుదామంటే గేమ్‌లోని ఊళ్ళ పేర్లూ మనుషుల పేర్లూ ఒక్కటీ సరిగ్గా పడలేదు. నోక్‌స్టెల్లా అన్నది ఏమైందో ఇప్పటికీ నాకు దొరకలేదు.

ఆఖరికి మొదటి వీడియో కిందే మర్యాదగా అడిగాను, అన్నా, నాకు బొమ్మ పలకట్లేదు, ముందు ఏమైనా చేయాలా అని. కాసేపటికి ఎవరో జవాబిచ్చారు: 'వీడియో పూర్తిగా చూడు బ్రో, అన్నీ చెప్పాడు', పక్కన పళ్ళికిలించే బొమ్మలు నాలుగు. ఆ జవాబుకి ఛానెల్ యజమాని ఎర్ర హృదయం పెట్టాడు. నా ప్రశ్నకు కాదు, ఆ వెక్కిరింపుకి. అందులో అప్పటికే నేను ఆ ముక్క ఎన్నిసార్లు చూశానో నాకు తెలుసు, అతని గదిలో వెనకాల అరమీద ఏయే బొమ్మలున్నాయో కూడా చెప్పగలను.

అప్పుడు విసుగొచ్చి వెతుకులాటలోంచి వీడియోలన్నిటినీ తీసేసి వెబ్ పేజీలు మాత్రమే చూపించమన్నాను. ఒక రాత గైడ్ దొరికింది. రంగులూ హంగులూ లేవు. కంట్రోల్ ఎఫ్ కొట్టి బొమ్మ పేరు రాశాను, నేరుగా అక్కడికే తీసుకెళ్ళింది. అందులో ఉన్నదాని సారాంశం ఇంతే: గ్రేస్ దగ్గర కూర్చుని మాట్లాడండి, మొదట ఏమీ అనదు, పలికే దాకా అదే ఆప్షన్ మళ్ళీ మళ్ళీ ఎంచుకుంటూ ఉండండి.

అంతే. లేవకుండా, ఆగకుండా, అదే మెనూలో వరసగా నొక్కాలి. నొక్కాను. పలికింది. కథలో కూడా అది తమాషాగా ఉంటుంది, బొమ్మలా నటిస్తూ దొరికిపోయినందుకు ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది. ఆ ఘట్టాన్ని నవ్వుతూ చూడాల్సింది, నేను పళ్ళు కొరుకుతూ చూశాను.

మరి వీడియోలో మొదటిసారికే ఎలా పలికిందీ? ఈ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. తిరిగి వెళ్ళి ఆ చోట ఆపి, ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ చూశాను. గ్రేస్ మీద వెలుగు తీగలు మెల్లగా ఊగుతుంటాయి కదా, అవి ఒకచోట ఎడమవైపు వంగి ఉన్నవల్లా తర్వాతి ఫ్రేమ్‌లో హఠాత్తుగా కుడివైపు ఉన్నాయి. అక్కడ కత్తెర పడింది. ఆయనకూ బొమ్మ వెంటనే పలకలేదు. ఆయనా నొక్కుతూ కూర్చున్నాడు. చూసేవాడికి బోరు కొడుతుందని ఆ ముక్క కోసేశాడు. హెడ్‌సెట్ ప్రకటన మాత్రం కోయలేదు.

నా గొడవంతా ఇదేనండి. వీడియో చేసేవాడు ఎడిటింగ్‌లో కూర్చున్నప్పుడు చూడటానికి ఏది బాగుంటుందో అది ఉంచుతాడు, చప్పగా ఉన్నది తీసేస్తాడు. కానీ దారి తప్పినవాడికి కావాల్సింది సరిగ్గా ఆ చప్పటి ముక్కే. ఏ గోడను రెండుసార్లు కొట్టాలి, ఎవరితో మాటలు అయిపోయే దాకా మాట్లాడాలి, ఎక్కడ ఓసారి కూర్చుని లేస్తే మనిషి ప్రత్యక్షమవుతాడు. రాతలో అది అర వాక్యం. రాసేవాడికి దాన్ని కోయాల్సిన అవసరమే రాదు.

డబ్బు సంగతి కూడా ఉంది. యూట్యూబ్‌లో వీడియో మధ్యలో ప్రకటనలు పెట్టుకోవాలంటే దాని నిడివి కనీసం 8 నిమిషాలు ఉండాలి, 2020 జూలైకి ముందు అది 10 నిమిషాలు. కాబట్టి ఒక్క వాక్యంలో చెప్పాల్సింది ఎనిమిది నిమిషాలు ఎందుకు సాగుతుందో పెద్దగా ఆలోచించనక్కర్లేదు. ఇష్టపడనివాళ్ళు ఎంతమందో 2021 నవంబరు దాకా చూసేవాళ్ళందరికీ కనిపించేది, ఇప్పుడు ఆ లెక్కా దాచేశారు, పనికిరాని గైడ్ ఏదో తెరవగానే తెలుసుకునే దారి కూడా పోయింది.

ఇంకొకటి, సరిదిద్దడం. ఇందాకటి 1.03 ప్యాచ్‌లోనే నెఫెలీ, కెనెత్ హైట్, డయాలోస్ లాంటి పాత్రల కథలకు కొత్త భాగాలు కలిపారు. అంటే గేమ్ వచ్చిన మొదటి వారాల్లో వాళ్ళ కథల మీద తీసిన 'పూర్తి గైడ్' వీడియోలన్నీ ఒక్క రోజులో అసంపూర్ణం అయిపోయాయి. రాత గైడ్ అయితే వెళ్ళి ఆ పేరా మార్చేస్తారు. వీడియోను అలా మార్చలేరు, మహా అయితే కింద ఒక వ్యాఖ్య అతికిస్తారు, దాన్ని ఎవరు చూస్తారు?

పాతకాలం గైడ్లు రాసినవాళ్ళను తలుచుకుంటే నిజంగా చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. 1995లో మొదలైన గేమ్‌ఎఫ్ఏక్యూస్ అనే గైడ్ల వెబ్‌సైట్‌లో ఇప్పటికీ ఆ ఉత్త అక్షరాల ఫైళ్ళు ఉన్నాయి. పైన ఎన్నో వెర్షనో, ఏ తేదీన ఏం మార్చారో, ఏ తప్పు ఎవరు పట్టుకున్నారో వాళ్ళకు కృతజ్ఞతలు. విషయసూచికలో ఒక్కో భాగానికి ఒక చిన్న కోడ్, అది వెతికితే నేరుగా ఆ భాగంలో వాలతాం. గుహల మ్యాపులు కూడా గీతలు, చుక్కలు, ప్లస్ గుర్తులతోనే గీసేవారు. ఎక్కువమంది పైసా ఆశించకుండా చేశారు. లైకు కొట్టమని బతిమాలలేదు.

వీడియోలు అసలు వద్దే వద్దు అనేంత మొండివాణ్ణి కాదు లెండి. తిరగేసిన స్టడీ హాల్‌లో ఏ దూలం మీద నుంచి ఎక్కడికి దూకాలో రాసి చెప్పడం కష్టం, అక్కడ వీడియోయే చూశాను, అర నిమిషంలో పనైపోయింది. ఆ పెట్టినవాడు ఒక్క మాట మాట్లాడలేదు, దూకి చూపించి ఆపేశాడు, బంగారం లాంటి మనిషి. కదలికలు, టైమింగ్, ఫ్రేమ్‌రేట్ ఎక్కడ పడిపోతోంది లాంటివి కళ్ళతో చూడాల్సినవే. రివ్యూలు మాత్రం నాకు రాతలోనే కావాలి. నచ్చిన పేరా దగ్గర ఆగొచ్చు, కథ మొదలైందనిపిస్తే కిందికి జారిపోవచ్చు, మొన్న పొగిడినదాన్నే ఇవాళ తిడుతున్నాడా అని వెనక్కి వెళ్ళి చూడొచ్చు. ఇంగ్లిష్ గబగబా మాట్లాడితే అర్థంకాని వాళ్ళకైతే రాత ఇంకా మేలు, చదివే వేగం మన చేతిలో ఉంటుంది.

క్వెస్ట్‌లో మిగతాదంతా ఆ రాత గైడ్ పట్టుకునే ముగించాను. నోక్‌స్టెల్లా దాటాక నీడలాంటి శత్రువును చంపితే తాళంచెవి వచ్చింది. దాంతో రాయా లుకారియా అనే అకాడమీలో రెన్నాలా అనే రాణి పక్కనున్న పెట్టె తెరిస్తే ఉంగరం. లేక్ ఆఫ్ రాట్ గురించి మాట్లాడను, అది దాటినవాళ్ళకు తెలుసు. ఆ తర్వాతి పెద్ద శత్రువు ఆస్టెల్ మాయమై వచ్చి పట్టుకునే దెబ్బకు మాత్రం ఒక చిన్న క్లిప్ చూసి ఎటు దొర్లాలో నేర్చుకున్నాను. చివర చర్చిలో రాన్నీ వేలికి ఉంగరం తొడగడం, కత్తి అందుకోవడం.

అంతా అయ్యాక మొత్తం క్వెస్ట్‌ను నేనే ఒక్క పేజీలో రాసి పెట్టాను. నా స్నేహితుడు దాన్ని ఫోన్‌లో తెరిచి పక్కన పెట్టుకుని ఆడుతున్నాడు, ఇప్పటికి నోక్రాన్ దాకా వచ్చాడు, ఇంతవరకు నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. గొప్పలు చెప్పుకుంటున్నానంటే చెప్పుకుంటున్నాననే అనుకోండి.

మీరు ఎక్కడైనా ఇరుక్కుంటే ముందు వీడియో ఫలితాలు పక్కకు తోసి పేజీలు వెతకండి. ఆ క్వెస్ట్ పేరు మాత్రమే కాకుండా ఇరుక్కున్న వస్తువు పేరు కూడా రాయండి. పేజీ తెరవగానే కింద ఎప్పుడు మార్చారో తేదీ చూడండి, ఫోన్‌లో అయితే 'పేజీలో వెతుకు' వాడండి. స్పాయిలర్ భయం, అంటే కథ ముందే తెలిసిపోతుందన్న భయం ఉంటే తెరను కింది నుంచి అరచేత్తో కప్పుకుని ఒక్కో వరసే చదవండి, వీడియోతో ఈ పప్పులు ఉడకవు. రాతలోనూ దొంగలున్నారు, కాదనను. గేమ్ ఎప్పుడొచ్చింది, ఎవరు చేశారు, ఎంత బాగుంటుంది అని నాలుగు పేరాలు సాగదీసి ఐదో పేరాలో కూడా జవాబివ్వని పేజీలు ఈమధ్య పుట్టగొడుగుల్లా పెరిగాయి. వాటిని గుర్తుపట్టడానికి మాత్రం ఐదు సెకన్లు చాలు, మూసేసి పక్కదానికి పోండి.