ఆనీ ఎర్నో ఊళ్లు చూసొచ్చాను

పారిస్‌లోని సాన్ లజార్ స్టేషన్‌లో లె హావ్ర్ వెళ్లే రైలెక్కితే ఇంచుమించు రెండు గంటల్లో ఇవ్‌తో అనే ఊరు వస్తుంది. ఆ ఊరుండే నార్మండీ ప్రాంతం చూడటానికి వచ్చేవాళ్లు ఎత్రెతా దగ్గర సముద్రపు ఒడ్డున తెల్లటి కొండల కోసం వస్తారు, లేదంటే రూఆన్‌లో పెద్ద చర్చి కోసం వస్తారు. ఇవ్‌తోలో దిగేవాళ్లు తక్కువ. "ఆ ఊళ్లో ఏముందన్నా?" అని పారిస్‌లో నన్ను ఇంట్లో పెట్టుకున్న కుర్రాడు అడిగాడు. ఒకప్పుడు ఓ కిరాణా కొట్టు ఉండేదని చెప్పాను.

ఆ కొట్టు పక్కనే, అదే కప్పు కింద ఓ కాఫీ దుకాణం కూడా నడిచేది. రెండింటికీ మధ్యలో ఇరుకు వంటగది. 2022లో సాహిత్యంలో నోబెల్ బహుమతి అందుకున్న ఆనీ ఎర్నో పెరిగింది అక్కడే. ఆ బహుమతి అందుకున్న మొదటి ఫ్రెంచి రచయిత్రి ఆవిడే. పుట్టింది 1940లో దగ్గర్లోని లిల్‌బోన్‌లో అయినా, యుద్ధం అయిపోయాక 1945లో కుటుంబం ఇవ్‌తోకి వచ్చేసింది. నాన్న పన్నెండేళ్లకే బడి మానేసి పొలం పనికి పోయిన మనిషి, తర్వాత ఫ్యాక్టరీ కూలీ. అమ్మ తాళ్లు పేనే ఫ్యాక్టరీలో పనిచేసింది. కూలి బతుకు నుంచి కొట్టు దాకా ఎదగడానికి వాళ్లకు సగం జీవితం పట్టింది. మళ్లీ కూలికి పోవాల్సి వస్తుందేమోనన్న టెన్షన్ మాత్రం చివరిదాకా పోలేదు.

స్టేషన్ నుంచి ఊళ్లోకి నడుస్తుంటే పాత ఊరు ఎక్కడా కనబడదు. 1940లో, ఎర్నో పుట్టిన ఏడాదే, ఊరి నడిబొడ్డు తగలబడిపోయింది. ఇప్పుడున్న మేడలన్నీ యుద్ధం తర్వాత కట్టిన కాంక్రీటే. సెయింట్ పీటర్ పేరుతో ఉన్న చర్చి కూడా 1956 నాటిదే. గుండ్రంగా ఉంటుంది, బయటి నుంచి చూస్తే ఇది చర్చేనా అనిపిస్తుంది. లోపలికి వెళ్తే గోడంతా మాక్స్ ఎంగ్రాన్ చేసిన రంగుటద్దాలు. నీలం, ఎరుపు, పసుపు వెలుతురు నా బూట్ల మీద, బల్లల మీద, జపమాల తిప్పుతున్న ఓ పెద్దావిడ తెల్ల జుట్టు మీద పడుతోంది. ఎర్నో చిన్నప్పుడు ఈ చర్చి లేదు. శిథిలాల మధ్య నుంచి ఊరు మళ్లీ లేస్తుండగా ఆవిడ పెరిగింది.

అక్కడి నుంచి క్లో దె పార్ వీధి వైపు నడిచాను. కొట్టు ఉండింది అటే. సెంటర్ నుంచి తమ పేటకు ఎలా వెళ్లాలో ఎర్నో 'లా హోంత్' అనే పుస్తకంలో వీధివీధీ రాసింది. కాలిబాటలున్న వీధులు అయిపోయి, లేని వీధులు మొదలవుతాయి. శుభ్రమైన ఫ్రెంచి అయిపోయి, పల్లె యాస మొదలవుతుంది. ఇప్పుడు అలాంటి తేడా ఏమీ లేదు. వీధి పొడుగునా చిన్నచిన్న ఇళ్లు, కత్తిరించిన మొక్కల కంచెలు, ఇంటి ముందు కార్లు. కొట్టున్న ఇల్లు ఏదని ఎవర్నీ అడగలేదు. అక్కడ ఎవరో కాపురం ఉంటున్నారు కదా, వాళ్ల గుమ్మం ముందు ఫోన్ పట్టుకుని నిలబడటం బాగుండదనిపించింది. చివరిదాకా నడిచి, ఇంకోవైపు నుంచి మెల్లగా వెనక్కొచ్చాను. సెంటర్‌కీ ఆ వీధికీ మధ్య నడక కాసేపే. ఆ కాస్త దూరం గురించే ఆవిడ జీవితమంతా రాసింది.

మాదీ కొట్టున్న ఇల్లే. ఏలూరు దగ్గర మా నాన్న కిరాణా కొట్టు వెనక గదిలో కూర్చుని నేను పదో తరగతి దాకా చదువుకున్నాను. అందుకే ఎర్నో తన తండ్రి మీద రాసిన 'లా ప్లాస్'లో అరువు పద్దుల గురించి, తినేటప్పుడు కూడా గిరాకీ పిలిస్తే లేచి వెళ్లడం గురించి చదివినప్పుడు నాకు ఎవరూ ఏమీ వివరించక్కర్లేకపోయింది.

ఆ పుస్తకంలో ఓ చోట తండ్రీ కూతుళ్లు ఊరి లైబ్రరీకి వెళ్తారు. లోపల నిశ్శబ్దం. ఏ పుస్తకం కావాలని అడుగుతారు అక్కడివాళ్లు. పేరు ముందే తెలుసుకుని రావాలన్న సంగతి ఈ ఇద్దరికీ తెలీదు. చివరికి లైబ్రరీవాళ్లే ఎంచి, పిల్లకు మెరిమే రాసిన 'కొలొంబా', తండ్రికి తేలిగ్గా ఉండే మొపాసా నవలొకటి చేతిలో పెడతారు. మళ్లీ ఆ తండ్రి అటు వెళ్లలేదు. పుస్తకాలు తిరిగి ఇచ్చి వచ్చింది తల్లే. ఇవ్‌తోలో ఇప్పటి లైబ్రరీకి వెళ్లి కాసేపు కూర్చున్నాను. స్కూలు పిల్లలు బ్యాగులు కిందపడేసి, నచ్చిన బొమ్మల పుస్తకం లాక్కుని, అక్కడే నేల మీద బోర్లా పడుకుని చదువుకుంటున్నారు. వాళ్లను ఎవరూ ఏమీ అడగడం లేదు. చాలా సంతోషం వేసింది.

ఎర్నో అమ్మ సంగతి వేరు. ఆవిడకు చదువంటే ప్రాణం. చేతులు కడుక్కున్నాకే పుస్తకం ముట్టుకునేదని, తల్లి మీద రాసిన 'ఉన్ ఫామ్'లో ఎర్నో చెప్పింది. కూతుర్ని ఊళ్లో క్యాథలిక్ ప్రైవేటు బడిలో వేసింది కూడా తల్లి పట్టుదలే. నాన్న సైకిల్ మీద ఎక్కించుకుని ఆ బడి దగ్గర దింపేవాడు. తనకు విలువివ్వని లోకంలోకి కూతుర్ని తనే రోజూ చేరవేశాడు. 1967లో, ఎర్నో హైస్కూలు టీచరు పరీక్ష గట్టెక్కిన రెండు నెలలకే, ఆయన పోయాడు.

వెనక్కి వస్తూ రూఆన్‌లో దిగాను. ఎర్నో ఇక్కడి యూనివర్సిటీలో చదివింది. ఇరవై రెండేళ్లప్పుడు డైరీలో, నా జాతి తరఫున పగ తీర్చుకోవడానికి రాస్తాను అని రాసుకుంది. జాతి అంటే ఇక్కడ తను పుట్టిన కూలి జనం. అప్పుడు రాసిన మొదటి నవలను ప్రచురణకర్తలు తిప్పి పంపారు. అరవై ఏళ్ల తర్వాత స్టాక్‌హోంలో నోబెల్ ఉపన్యాసంలో మళ్లీ అదే వాక్యాన్ని గుర్తుచేసుకుంది.

రూఆన్‌లో నేను చూడాలనుకున్నది పాత హోటెల్ ద్యూ ఆసుపత్రి. ఇప్పుడది జిల్లా పాలనా కార్యాలయం, జెండా ఎగురుతోంది. ఓ పక్క నవలా రచయిత ఫ్లోబేర్ పుట్టిన భాగం మ్యూజియంగా ఉంది, టూరిస్టులంతా దాని కోసమే వస్తారు. నేను వచ్చింది 1964 జనవరి కోసం. అప్పట్లో ఫ్రాన్స్‌లో గర్భస్రావం నేరం. డాక్టర్లు మొహం చాటేస్తే, ఎర్నో పారిస్‌లో ఓ ఆవిడ దగ్గరికి రహస్యంగా వెళ్లింది. తర్వాత హాస్టల్ గదిలో ప్రాణం మీదికొస్తే ఈ ఆసుపత్రికే తీసుకొచ్చారు. నేనేమైనా ప్లంబర్‌నా అని ఇక్కడి కుర్ర డాక్టరు ఆవిడ మీద అరిచాడు. పేషెంటు యూనివర్సిటీ విద్యార్థిని అని ఆ తర్వాత తెలిసింది. నువ్వూ ఆ డాక్టరులాంటి మనిషివేనని ముందే ఎందుకు చెప్పలేదని అడిగారట. ఫ్యాక్టరీ పిల్ల అయితే అరవొచ్చన్నమాట. అది చదివాక నాకు కోపం ఆగలేదు, ఆ గేటు ముందు నిలబడితే మళ్లీ వచ్చింది. గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసింది 1975లో. ఎర్నో ఈ సంగతంతా 2000లో 'లెవెన్మా'గా రాసింది. దాన్ని ఆద్రే దివాన్ సినిమాగా తీస్తే 2021లో వెనిస్ సినిమా పండుగలో పెద్ద బహుమతి గోల్డెన్ లయన్ వచ్చింది.

మర్నాడు సెర్జీ వెళ్లాను, ఈసారి మా పారిస్ కుర్రాడూ వచ్చాడు. పారిస్ నుంచి ఆర్.ఇ.ఆర్. అనే లోకల్ రైలు 'ఎ' లైనులో నలభై నిమిషాలు. పొలాల్లో ప్రభుత్వం ప్లాన్ వేసి కట్టిన కొత్త పట్నం ఇది. 1970ల నుంచి ఎర్నో ఇక్కడే ఉంటోంది. 1974లో వచ్చిన మొదటి నవల 'లెజార్మ్వార్ విద్'ను, థీసిస్ రాస్తున్నానని భర్తకు చెప్పి రహస్యంగా రాసింది. మొదటి మూడు పుస్తకాలూ నవలలే. తండ్రి మీద కూడా నవలే మొదలుపెట్టి, మధ్యలో చేతులు రాక ఆపేసింది. కూలి మనిషి బతుకుకు అలంకారాలు పెట్టకూడదని, తను ఇంటికి ఉత్తరాలు రాసినట్టే మామూలు మాటల్లో రాసింది. అదే 'లా ప్లాస్'. 1984లో దానికి రెనోదో బహుమతి వచ్చింది. నా లెక్కలో ఆవిడ కెరీర్‌కు అసలు మలుపు ఇదే, నోబెల్ కాదు.

స్టేషన్ పక్కనే త్రుఆ ఫాంతేన్ అనే మాల్, అందులో ఓషాఁ సూపర్‌మార్కెట్. 2012 నవంబరు నుంచి ఏడాదిపాటు అక్కడికి సరుకులకు వెళ్లినప్పుడల్లా చూసింది రాసుకుని ఎర్నో ఓ చిన్న పుస్తకం వేసింది. మా ముందు క్యూలో ఓ ఆఫ్రికన్ తల్లి. బిల్లు పడుతుంటే స్క్రీన్ మీద అంకెనే చూస్తోంది. ఓ దశలో క్యాషియర్‌ను ఆపి, పెద్ద పెరుగు ప్యాకెట్టు తీసి పక్కన పెట్టింది. కొడుకు ఏదో అనబోతే భుజం మీద చెయ్యి వేసింది. క్యాషియర్ ఏమీ అనలేదు, ఆ ప్యాకెట్టును కింద పెట్టేసి మిగతావి కొట్టింది. ఆ పుస్తకం నిండా ఉండేది ఇదే.

"ఇవన్నీ నవలలేనంటావా అన్నా?" అన్నాడు మా కుర్రాడు. నేననను, ఎర్నో కూడా అనదు. 2008లో వచ్చిన 'లేజానే'లో అసలు 'నేను' అనే మాటే లేదు. 'ఆమె', 'మేము' అంటూనే, పాత ఫొటోలు ఒక్కొక్కటీ వర్ణిస్తూ, యుద్ధకాలం నుంచి 2006 దాకా ఓ దేశం ఏం తిన్నదో, ఏం కొన్నదో, ఏం మాట్లాడుకున్నదో చెబుతుంది. ఆవిడ పుస్తకాల్లో పెద్దది, గొప్పది అదేనని చాలామంది అంటారు, నేనూ ఒప్పుకుంటాను. అయినా మొదలుపెట్టేవాళ్లు దానితో మొదలుపెట్టొద్దు. ముందు 'లా ప్లాస్' చదవండి, ఒక్క మధ్యాహ్నం చాలు. వెంటనే 'ఉన్ ఫామ్' అందుకోండి. ఆ అమ్మానాన్నల కొట్టు తెలిశాక 'లేజానే' వేరేగా వినబడుతుంది.