ఖాళీ బస్సులో కర్బన లెక్క

పల్లెలో మనిషి వాటా కార్బన్ డయాక్సైడ్ ఎంత, నగరంలో ఎంత అని లెక్క చూస్తూ ఒక ఊరికి బయలుదేరాను. నగరం నుంచి రైల్లో వచ్చిన భాగం గురించి చెప్పడానికేం లేదు. రాత్రి ప్రయాణం, కరెంటు ఇంజను, పెట్టె నిండా జనం. తలకి పంచితే లెక్క పెద్దగా తేలదు. పేచీ అంతా చిన్న స్టేషన్ బయట పల్లె బస్సు ఎక్కాక మొదలైంది. యాభై సీట్ల బస్సులో డ్రైవరు, కండక్టరు కాక ఎనిమిది మందిమి.

లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గతుకుల రోడ్డు మీద అడుగడుక్కీ ఆగే బస్సు లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తే గొప్పే. అంటే కిలోమీటరుకు 670 గ్రాములు. సీట్లన్నీ నిండితే మనిషికి 13 గ్రాములు, ఎనిమిది మందికి పంచితే 84. ఇంతలో మోటారు సైకిల్ మీద ఒకాయన మమ్మల్ని దాటేసి పోయాడు. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బండి అనుకుంటే, పెట్రోలు లీటరుకు 2.3 కిలోల చొప్పున ఆయన వాటా 46 గ్రాములు. వెనక ఇంకొకరు కూర్చుంటే తలా 23. బస్సు ఎప్పుడూ మేలే అన్న మాట ఫుట్‌బోర్డు మీద జనం వేలాడే నగరంలో పుట్టింది మరి.

కానీ ఈ బస్సు నేనెక్కినా ఎక్కకపోయినా ఆ ఊరికి వెళ్లేదే. తొమ్మిదో మనిషి ఎక్కినందుకు అదనంగా కాలే డీజిల్ ఏపాటిది? సగటు లెక్క వేరు, అదనపు లెక్క వేరు. ఏడాదికి తలసరి పద్దు రాసేటప్పుడు మొదటిది వాడాలి. రేపు బండి తియ్యాలా, బస్సెక్కాలా అని తేల్చుకునేటప్పుడు రెండోది. రెండూ కలిపేస్తే, పల్లెవాళ్లు బస్సు మానేసి బండ్లు కొనుక్కోవాలనే వింత సలహా తేలుతుంది. నాకు చిరాకు తెప్పించేది ఇలాంటి తేల్చివేతలే.

ఊళ్లో దిగాక పొయ్యిల దగ్గర ఇంకో తిరకాసు. మూడు రాళ్ల పొయ్యిలో కట్టెల వేడిలో గిన్నెకు అందేది పదో వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. కిలో గ్యాస్ చేసే వంటకు సుమారు 13 కిలోల కట్టెలు కావాలి. గ్యాస్ కిలోకి 3 కిలోల కార్బన్ డయాక్సైడ్, అన్ని కట్టెలకు 23 కిలోలు. అయినా లెక్కల పుస్తకాల్లో కట్టెల పొయ్యికి కార్బన్ డయాక్సైడ్ సున్నా అని వేస్తారు, నరికిన చెట్టు మళ్లీ పెరిగి దాన్ని పీల్చుకుంటుందని. రాలిన పుల్లలకూ పంట మోళ్లకూ అది సరే. ఏటేటా వెనక్కి జరిగిపోతున్న అడవి నుంచి తెచ్చిన మోపులకు సరికాదు. కాబట్టి కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో అడగాల్సింది ఎన్ని కట్టెలని కాదు, ఎక్కడివి, నిరుటి కంటే ఎంత దూరం నడుస్తున్నారు అని. నడక దూరం పెరుగుతుంటే సున్నా చెల్లదు. సరిగా కాలని పొగలోని మీథేన్, మసి ఎలాగూ మిగిలే ఉంటాయి.

ఇక పొలం. నీళ్లు నిలిచిన వరి మడిలో మట్టికి గాలి ఆడక మీథేన్ పుడుతుంది. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2019లో ఇచ్చిన ప్రపంచ సగటు, ఎప్పుడూ నీరు నిలిపే మడికి, హెక్టారుకు రోజుకు 1.19 కిలోలు. 110 రోజుల పంటకు 130 కిలోలు. వందేళ్ల కొలతలో భూమిని వేడెక్కించడంలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్‌కి 27 రెట్లు కాబట్టి అది మూడున్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. పంటకాలంలో పలుమార్లు ఆరబెడితే ఇది 45 శాతం తగ్గుతుంది.

ఎంతవరకు ఆరబెట్టాలో చూసుకోవడానికి ఒక మడిలో గొట్టం పాతి ఉంది. 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ ముక్క, చుట్టూ చిల్లులు, సగం మట్టిలో, సగం పైన. లోపల నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు దిగితేనే మళ్లీ తడి పెట్టాలి. పూత వేళ మాత్రం వారం ముందు నుంచి వారం తర్వాత దాకా 5 సెంటీమీటర్ల నీరు నిలపాలి, లేకపోతే తాలు పడుతుంది. పాతినవాళ్లు లోపలి మట్టి తోడలేదు, చిల్లులు బురదతో పూడుకుపోయాయి. గొట్టంలో పొడి, పక్కన నీళ్లు! లోపలా బయటా నీరు ఒకే ఎత్తులో ఉందో లేదో మొదటి రోజే చూస్తే ఈ తిప్పలుండవు. యూరియా వేళ కూడా చూసుకోవాలి. చల్లాక మడిని ఆరబెట్టి మళ్లీ తడిపితే నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువు లేస్తుంది. అదే కొలతలో అది కార్బన్ డయాక్సైడ్‌కి 273 రెట్లు. ఆరబెట్టే వరి మళ్లకు ఐపీసీసీ ఇచ్చిన అంచనాతో 50 కిలోల యూరియాకు ఈ పద్దు కింద కార్బన్ డయాక్సైడ్ లెక్కన దాదాపు 50 కిలోలు, యూరియా కరిగి వదిలే కార్బన్ డయాక్సైడ్ ఇంకో 37 కిలోలు. యూరియా తయారీలో వెలువడేది వేరే.

ఇదంతా రైతు పేరున రాస్తే పల్లె నగరాన్ని మించిపోతుంది. పండిన బియ్యం ఎక్కువ భాగం అమ్ముడుపోయి నగరంలో తింటున్నప్పుడు ఆ మీథేన్ తిన్నవాడి ఖాతాలో పడాలి. దిగుబడిని బట్టి కిలో బియ్యానికి కార్బన్ డయాక్సైడ్ లెక్కన కిలో చొప్పున వేసుకున్నా తప్పులేదు.

నగరంలో ఎక్కువమంది బస్సు గురించి మథనపడి ఏసీని మర్చిపోతారు. గంటకు ఒకటిన్నర యూనిట్ల ఏసీ ఎనిమిది గంటలు తిరిగితే 12 యూనిట్లు. బొగ్గు కరెంటైతే సుమారు 11 కిలోలు, అదీ ఒక్క రాత్రికి. పాత ఆర్-410ఎ గ్యాసు కిలో కారిపోతే రెండు టన్నుల పైనే. లీకు వెతక్కుండా ఏటా గ్యాసు నింపి వెళ్లే మెకానిక్ చేతిలో ఉన్నది అదే. పల్లెకీ నగరానికీ ఉన్న ఈ తేడా అన్ని దేశాల్లో ఒకేలా ఉండదు. సంపన్న దేశాల్లో కార్లు లేకుండా కదలని శివార్లే నడి ఊరి కంటే ఎక్కువ. ఆదాయం తక్కువైన చోట్ల నగరానిదే పైచేయి. ఊరా పట్నమా అన్నదాని కంటే చేతిలో ఎంత డబ్బు ఆడుతుందన్నదే ఎక్కువ చెబుతుంది.

ఇంటింటి లెక్క రాసేవాళ్లు తప్పటడుగు వేసేది మనుషుల దగ్గరే. ఇంట్లో ఎందరంటే పల్లెలో తల్లి ఐదుగురని చెబుతుంది, పట్నంలో పనిచేసే కొడుకుతో కలిపి. అదే కొడుకు అద్దె గదిలో మళ్లీ ఒకడిగా లెక్కకొస్తాడు. పల్లె తలసరి కిందకి దిగుతుంది, ఒకే మనిషి రెండుచోట్ల ఉంటాడు. నిన్న రాత్రి ఇక్కడ ఎవరు భోంచేశారని అడిగితే ఆ చిక్కు తీరిపోతుంది.