చేపల మీద పడ్డ నింద

చిన్నాయన పొద్దున్నే కందుకూరు నుంచి దిగాడు. ఒక చేతిలో ఉలవపాడు మామిడిపండ్ల సంచి. రెండో చేతికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

"ఏంది చిన్నాయనా, చేతికేమైంది?"

"ఏం లేదమ్మణ్ణీ, మళ్లీ పూసింది."

తువ్వాలు తీస్తే ఎడమ చేతి వెనక, బొటనవేలి మొదట్లో, రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ. అంచులు గీత గీసినట్టున్నాయి. చుట్టూ ఎరుపు, లోపల వంకాయ రంగులో కమిలి, నడిమధ్య నీటిపొక్కు. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు కూడా అక్కడే చూశాను. అప్పటి నల్లమచ్చ పోనేలేదు, దాని మీదే మళ్లీ లేచింది.

పిన్ని లెక్క ప్రకారం ఇది వేడి. అందుకని చేపలు, వంకాయ, గోంగూర, మామిడిపండు అన్నీ బంద్. పసుపూ వేపాకూ నూరి పట్టు వేసింది. పక్క వీధి షాపతను ఇచ్చిన ఆయింట్‌మెంట్ కూడా అయింది. పాపం ఆయన పండుగ నుంచి చేపల పులుసు ముట్టలేదంట. ఈ వైపు మగాడికి అంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది! మామిడిపండ్లు కూడా మాకోసమే మోసుకొచ్చాడు, తను తినడు.

ఇంట్లో కూర్చుని వాదించేకన్నా చూపిస్తే పోతుందని నెల్లూరులో ఆసుపత్రులుండే పొగతోటకు తీసుకెళ్లాను. శనివారం, పైగా ఎండాకాలం, స్కిన్ డాక్టర్ దగ్గర జనం మెట్ల మీద దాకా ఉన్నారు. టోకెన్ పిలిచేసరికి మధ్యాహ్నమైంది. చిన్నాయన కుర్చీలో కూర్చోగానే మొదలుపెట్టాడు: పెళ్లి భోజనం, ఆ తర్వాత విరేచనాలు, ఆ సాయంత్రమే మచ్చ. పోయినసారీ అంతే, ఏదో ఫంక్షన్‌లో తిన్నదే తేడా చేసింది.

డాక్టరమ్మ చెయ్యి తిప్పి చూసి, "తిన్నది తర్వాత చెబుదురు గానీ, మింగింది చెప్పండి" అంది.

"విరేచనాలకు మాత్రలు వేసుకున్నానమ్మా. తెల్లగా, కాస్త లావుగా ఉంటాయి."

"పేరు?"

పేరు ఎవరికి తెలుసు! తమ్ముడికి ఫోన్ చేస్తే బీరువా మీదున్న ముక్క ఫొటో తీసి పంపాడు. షాపులో కత్తెరతో కత్తిరించి ఇచ్చిన ముక్క అది. మూడు మాత్రలు మిగిలున్నాయి. వెనక రేకు మీద పేరు సగం తెగిపోయింది, తేదీ ఉన్న మూల అసలే లేదు. నిలువునా ఎర్రగీత మాత్రం ఉంది, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పే గీత. మిగిలిన అక్షరాలు కూడబలుక్కుని ఆవిడే పట్టేసింది: నార్‌ఫ్లాక్సాసిన్, టినిడజోల్ కలిపిన మాత్ర.

అప్పటికి నాకు లెక్క తేలింది. తిండి తేడా చేస్తే విరేచనాలు, విరేచనాలకు మాత్ర, మాత్రకు మచ్చ. మధ్యలో ఉన్న మాత్రను వదిలేసి మొదట ఉన్న చేపను పట్టుకున్నారు వీళ్లు. పిన్నినీ తప్పుపట్టలేం. జబ్బు తగ్గించడానికి వేసుకున్నదే జబ్బు తెస్తుందని ఎవరనుకుంటారు?

దీన్ని ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటారంట. ఒకసారి ఒంటికి పడని మందు తగిలాక, ఆ చోట చర్మంలో కొన్ని రక్షణ కణాలు అలాగే ఉండిపోతాయి. అదే మందు మళ్లీ ఒంట్లోకి వస్తే గంటల్లోనే అవి అక్కడే లేస్తాయి. అందుకే ప్రతిసారీ అదే చోటు, తగ్గాక నెలల తరబడి నల్లమచ్చ. సల్ఫా మందులు, కొన్ని నొప్పి మాత్రలు, డాక్సీసైక్లిన్ లాంటివి కూడా ఇలా చేస్తాయి. ఎక్కువగా చేతులు, పెదవులు, మర్మాంగాల దగ్గర వస్తుంది. మళ్లీ మళ్లీ వేసుకుంటుంటే మచ్చలు పెరగొచ్చు అని ఆవిడ అనగానే, ఈసారి పెదవి అంచు కూడా మండిందని చిన్నాయన గొణిగాడు. పొద్దుటి నుంచి నాతో అనలేదు ఆ మాట!

రెంటిలో ఏది పడలేదో ఇప్పుడే తేల్చలేమని, రెండు పేర్లూ, వాటి జాతి మందుల పేర్లూ ఒక చీటీ మీద తెలుగులో రాసిచ్చింది. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు అది చూపించమంది. కంపెనీ పేరు గుర్తుపెట్టుకుంటే లాభం లేదు, అదే మందు పది పేర్లతో దొరుకుతుంది. చిన్నాయన ఆ చీటీ మడిచి ఆధార్ కార్డు కవర్‌లో పెట్టుకున్నాడు.

లేవబోతూ మా అత్తయ్య సంగతి అడిగాను. యూరిక్ ఆసిడ్‌కని ఈమధ్యే అల్లోప్యూరినాల్ మొదలుపెట్టారు. డాక్టరమ్మ కూర్చోమని సైగ చేసింది. చాలామందికి ఏమీ కాదు, మీరే మానేయొద్దు అంటూనే, మొదటి రెండు నెలలు కనిపెట్టుకుని ఉండమంది. ఒంటి మీద దద్దుర్లు లేస్తే మాత్ర ఆపి వెంటనే ఫోన్ చేయాలి. జ్వరంతో పాటు కళ్లు ఎర్రబడినా, నోరు పుండైనా, చర్మం తాకితే నొప్పి పుట్టినా, పొర ఊడినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి. స్టీవెన్స్–జాన్సన్ అనే ప్రాణం మీదికొచ్చే రియాక్షన్ అలా మొదలవుతుందంట. మూర్ఛకు వాడే కార్బమజెపైన్, ఫెనిటాయిన్‌తో కూడా అరుదుగా వస్తుందంట. వింటుంటే టెన్షన్ వచ్చిన మాట నిజం. కానీ ఇదంతా మాత్ర రాసిన రోజే, రాసినవాళ్లే చెప్పాల్సింది కదా?

ఇలాంటివి మనమే ఫోన్ చేసి రిపోర్ట్ చేయొచ్చని కూడా అక్కడే తెలిసింది. మందుల వల్ల వచ్చే ఇలాంటి రియాక్షన్లను లెక్కగట్టే ఫార్మకోవిజిలెన్స్ అనే కార్యక్రమం 2010లో మొదలైంది, గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ చూసుకుంటుంది. టోల్ ఫ్రీ నంబర్ 1800-180-3024. మాత్ర పేరు, వేసుకున్న తేదీ, మచ్చ లేచిన టైమ్ అడుగుతారంట. ఆ రేకు ముక్క పారేయకుండా దాచమని తమ్ముడికి చెప్పాను. సోమవారం చిన్నాయన చేతే మాట్లాడించాలి.