ఫ్యాన్ ఆపి తీసిన వీడియో

మా హైస్కూల్ గుంటూరు నుంచి బస్సులో ముప్పావుగంట దూరం. పదో తరగతికి ఫిజికల్ సైన్స్ నేనే చెబుతాను. ప్రభుత్వ బడుల బాగు కోసం పెట్టిన నాడు-నేడు పథకంలో మా తరగతి గదుల్లోకి ఐఎఫ్‌పీలు, అంటే గోడకి బిగించే పెద్ద టచ్ ప్యానెళ్ళు వచ్చాయి. పిల్లలు దాన్ని పెద్ద టీవీ అంటారు. నిజం చెప్పాలంటే మొదట్లో నేనూ టీవీలాగే వాడాను. వీడియో పెట్టి పక్కన నిలబడేదాన్ని.

తెర మీదే ప్రయోగం చేసి చూసే ఫెట్ సిమ్యులేషన్ల సంగతి తెలిశాక పద్ధతి మారింది. అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసినవి. ఉచితం. చాలావాటికి తెలుగు కూడా ఉంది. ఒకసారి దింపుకుంటే నెట్ అక్కర్లేదు, మా ఊళ్ళో అదే పెద్ద వరం. ఇంటి దగ్గర దింపి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళాను. ప్యానెల్‌లో నేరుగా తెరిస్తే తెల్ల తెర వచ్చింది, అదే ఫైల్ క్రోమ్‌తో తెరిస్తే పనిచేసింది. ఇది కనుక్కోవడానికి నాకు రెండు పీరియడ్లు పట్టింది.

ఈ అవస్థ ఇంకొకరు పడకూడదని వీడియో తీద్దామనుకున్నాను. ఏప్రిల్ నెల, రాత్రి తొమ్మిదైనా ఉక్క. చప్పుడు వస్తోందని ఫ్యాన్ ఆపేశాను. "ఈ ఉక్కలో ఎవరి కోసం పాఠం?" అని మావారు మంచం బాల్కనీలోకి లాక్కున్నారు. ఏడు నిమిషాల వీడియో. వాట్సాప్ కుదించేసరికి తెర మీద అంకెలు మసకబారాయి, మళ్ళీ డాక్యుమెంట్‌గా పంపాను. మండలం టీచర్ల గ్రూపులో రెండు బొటనవేళ్ళు పడ్డాయి. ఆ వెనకే ఒక సర్క్యులర్, ఎవరిదో పుట్టినరోజు, వరసగా కేకులు. తెల్లారేసరికి నా వీడియో ఎక్కడో అడుగున పడిపోయింది. కోపం వచ్చిందనను గానీ, రెండు వారాలు ఆ గ్రూపు తెరవలేదు.

తర్వాతి ఏడాది ఓమ్ నియమం స్లిప్ టెస్ట్ పెట్టాను. ఆ నియమం సిమ్యులేషన్ తెరవగానే వోల్టేజ్ 4.5 వోల్టులు, నిరోధం 500 ఓమ్‌లు, కరెంట్ 9 మిల్లీ ఆంపియర్లు అని చూపిస్తుంది. నిరోధం తగ్గిస్తే సూత్రంలో కరెంట్‌ని సూచించే ఐ అనే అక్షరం ఉబ్బి తెరంతా ఆక్రమిస్తుంది. పిల్లలు పడీపడీ నవ్వారు, నేనూ మురిసిపోయాను. టెస్ట్‌లో మాత్రం 38 మందిలో 11 మంది "వోల్టేజ్ కంటే కరెంట్ ఎక్కువ" అని రాశారు. ఎందుకురా అంటే, "4.5 కంటే 9 పెద్దది కదా మేడం, ఐ కూడా పెద్దగా కనిపించింది" అన్నారు. వాళ్ళ తప్పేముంది? చూసిందే రాశారు.

పేరున్న మూల మడిచి, ఒక పేపర్ ఫోటో తీసి, కింద మూడు లైన్లు రాసి అదే గ్రూపులో పెట్టాను. ఆ రాత్రి ఫోన్ మోగుతూనే ఉంది. మా పిల్లలూ ఇంతే అని నలుగురు. స్లైడర్, అంటే విలువ మార్చడానికి తెర మీద జరిపే మీట, ముట్టుకోకముందే ఏమవుతుందో నోట్‌బుక్‌లో రాయించమని ఒక పెద్ద మాస్టారు. మిల్లీ ఆంపియర్లని ఆంపియర్లలోకి మార్పించు, 9 కాస్తా 0.009 అవుతుంది, అప్పుడు చూడు అని ఇంకొకరు. నాకు బాగా నచ్చింది పక్క ఊరి మాస్టారి మాట: "యార్డులో టిక్కీ ఎన్ని కిలోలు, క్వింటా రేటెంత, ఈ రెండిట్లో ఏది పెద్దదని ఎవరైనా అడుగుతారా మేడం?" టిక్కీ అంటే మిర్చి బస్తా, మా పిల్లల్లో సగం మంది మిర్చి రైతుల ఇళ్ళవాళ్ళే. మర్నాడు అదే అడిగాను. వెనక బెంచీ దాకా అర్థమైంది.

మా హెడ్మాస్టర్ గారికి మాత్రం టెన్షన్. "అమ్మా, మన తప్పులు మనమే బయట పెట్టుకుంటే రేపు ఇన్‌స్పెక్షన్‌లో మనకే చుట్టుకుంటాయి" అన్నారు. ఆయన భయం ఉత్తిది కాదు. పైగా గ్రూపులో నంబర్ చూసి ఎవరో రోజూ రాత్రి గుడ్ నైట్ మేడం అని పంపడం మొదలుపెట్టారు. బ్లాక్ చేశాను. ఇంకో ఇద్దరు టీచర్లు, ఇదే బాధతో గ్రూపుల్లో ఏమీ రాయడం మానేశామని చెప్పారు.

అందుకే టెలిగ్రామ్‌కి మారాం. అక్కడ నంబర్ దాచుకోవచ్చు, కొత్తగా చేరినవాళ్ళకి పాత మెసేజ్‌లు కనపడేలా పెట్టుకోవచ్చు, పాఠం పేరుతో హ్యాష్‌ట్యాగ్ పెడితే వెతకడమూ తేలిక. మొదట పద్నాలుగు మందిమి. ఏం చేశాం, ఎక్కడ ఆగింది, పిల్లలు ఏమన్నారు, అంతే రాయాలి. శుభాకాంక్షలు లేవు. పండగలకి కాస్త కష్టమే.

ఒక పొరపాటు నాది. క్లాస్ వీడియోలో ఒక అమ్మాయి ముఖం పడింది. వాళ్ళ నాన్న బడికొచ్చి నిలదీశారు, మెత్తగానే. తీసేశాను. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండనివాళ్ళంతా పిల్లలే, వాళ్ళ వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని అప్పుడు చదివాను. చట్టం సంగతి పక్కన పెట్టినా, ముందే అడగాల్సింది. ఇప్పుడు చేతులు, నోట్‌బుక్‌లు, తెర మాత్రమే తీస్తాం.

ఈ ఏడాది మళ్ళీ అదే స్లిప్ టెస్ట్ పెట్టాను. ముందు ఊహ రాయించాను, యూనిట్లు మార్పించాను, టిక్కీ ప్రశ్న కూడా అడిగాను. అయినా నలుగురు "కరెంటే ఎక్కువ" అని రాశారు. పేర్లు మడిచి, నాలుగు పేపర్లూ గ్రూపులో పెట్టాను.