మూడు నిమిషాల నాన్న

ఆదివారం, మధ్యాహ్నం. ఫ్యాను కట్టేసి కూర్చున్నాం. గొంతు రికార్డు చేసేటప్పుడు ఫ్యాను తిరగకూడదు. పోయినవాళ్ల మీద మూడు నిమిషాల చిన్న సినిమా తీసుకుందామని మా దగ్గరికి వచ్చేవాళ్లకు మొదట ఎదురయ్యేది దుఃఖం కాదు, ఉక్కపోత.

పెద్దకర్మ రోజు షామియానా కింద టీవీలో తిరిగే వీడియోలు అందరం చూసినవే. ఫొటోలు ఎగురుకుంటూ వస్తాయి, వెనకాల ఏడుపు పాట, చివర్లో గులాబీ రేకులు. స్టూడియోవాళ్లు ఒక్క పూటలో చేసిచ్చేస్తారు. చూసినవాళ్లు కళ్లు తుడుచుకుని భోజనాలకు లేస్తారు. తప్పని అనను గానీ, అందులో ఆ ఇంటివాళ్లు చేసిన పని ఏమీ లేదు. ఊరటేదైనా ఉంటే అది చేసే పనిలోనే ఉంది. ఏ ఫొటో ముందు రావాలి, ఏ మాట తీసెయ్యాలి, ఎక్కడ ఆపాలి అని తనే తేల్చుకోవాలి. చావు ఎవరినీ అడిగి రాలేదు. దాని చుట్టూ కథ ఏ వరసలో చెప్పాలో మాత్రం తన ఇష్టం.

అన్నిటికంటే ముందు గొంతులు భద్రం చేయాలి. దీనికి ఆలస్యం పనికిరాదు. రీచార్జి లేక మూడు నెలలు వాడని నంబరు రద్దయి ఇంకెవరికో పోవచ్చు. వాట్సాప్ ఖాతా 120 రోజులు కదలకపోతే సాధారణంగా తొలగిపోతుంది. పోయినవాళ్లు పంపిన వాయిస్ మెసేజీలను వెంటనే రెండు చోట్ల దాచుకోవాలి. అవి ఓపస్ అనే రకం ధ్వని ఫైళ్లు. కొన్ని ఎడిటింగ్ యాప్‌లు తీసుకోవు, అప్పుడు వేవ్ (WAV) ఫైళ్లుగా మార్చుకోవాలి. ఇవాళ ఒకమ్మాయి వాళ్ల నాన్న మీద సినిమా తీసుకుంటోంది. ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద ఉన్నది అలాంటిదే, ఆయన గొంతు, పదకొండు సెకన్ల ముక్క: "ఏమ్మా, గ్యాసు బండ వచ్చింది, పుస్తకం ఎక్కడ పెట్టావు?" ముందు ఒక చిన్న దగ్గు. నాయిస్ తీసే ఫిల్టర్ గట్టిగా వేస్తే ఆ దగ్గూ పోతుంది, వెనక కుక్కర్ కూతా పోతుంది. సగం కంటే తక్కువలో ఆపాలి. కూతురికి కావలసింది ఆ కూత కూడాను.

సినిమాలో చదివే మాటలు రాయడం విడిగా జరగాలి. 1986లో అచ్చయిన ఒక అధ్యయనంలో పెన్నెబేకర్, బీల్ అనే అమెరికా మనస్తత్వ పరిశోధకులు కాలేజీ పిల్లల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను కుదిపేసిన సంగతులు రాయించారు. రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. ఫలితం పెద్దదేమీ కాదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. అయినా ఆ కొలత మాకు పనికొస్తుంది: నాలుగు పూటలు రాసి, అందులోంచి ఒక పేజీ తీసుకోవడం. తెలుగులో నింపాదిగా చదివితే నిమిషానికి వంద మాటల లోపే. మూడు నిమిషాల సినిమాకు 220 మాటలు చాలు, మిగతాది నిశ్శబ్దానికి.

"నాన్న చాలా మంచివాడు" అనే వాక్యానికి చూపించడానికి బొమ్మ దొరకదు. గ్యాసు పుస్తకానికి దొరుకుతుంది.

రికార్డింగుకు ఫోను చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా పట్టుకోవాలి. పరుపులూ బట్టలూ ఉన్న గదైతే ప్రతిధ్వని రాదు. చదవడం అయ్యాక అర నిమిషం ఎవరూ మాట్లాడకుండా గది చప్పుడు తీసుకోవాలి. తర్వాత కోతల మధ్య అతుకు వేయడానికి అదే దిక్కు. గొంతు వణికితే వణకనీ. ఒకే వాక్యం దగ్గర మూడుసార్లు ఆగిపోతే మాత్రం ఆ పూటకు కట్టిపెట్టాలి.

ఆల్బమ్ ఫొటోలను ప్లాస్టిక్ కవరులోంచి బయటికి తీసి, ఫ్లాష్ లేకుండా, కిటికీ దగ్గర నీడ వెలుతురులో తీసుకోవాలి. ఒక్కోటి ఏడెనిమిది సెకన్లు నిలిపితే పాతికకు మించి పట్టవు. వందల్లోంచి పాతిక ఏరడానికే ఒక వారం పడుతుంది. పట్టనివ్వాలి.

ఎడిటింగులోనే ప్రమాదం. ఒకే ముక్కను నలభైసార్లు వినాల్సి వస్తుంది. నవ్వు అయితే ఫరవాలేదు. ప్రమాదం వీడియో, ఆసుపత్రి మంచం, సీసీ కెమెరా దృశ్యాలు అయితే అది గాయాన్ని రోజూ గెలకడమే. వాటిని వేరే ఫోల్డరులో వేసి ఇంకొకరి దగ్గర ఉంచుతాం. ధ్వని కత్తిరించేటప్పుడు వినకుండా తరంగం ఆకారం చూసి కూడా చాలావరకు కోయవచ్చు. ముప్పావు గంటకోసారి లేవాలి. రాత్రిపూట వద్దు. నిద్ర పట్టకపోవడం, అదే దృశ్యం పదేపదే కళ్లముందుకు రావడం మొదలైతే సినిమా పక్కన పెట్టి 14416కు ఫోన్ చేయాలి. టెలీ మానస్ అది, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

అమెరికాలో, రెండో ప్రపంచ యుద్ధంలో సేనాని జనరల్ ప్యాటన్ మనవడు బెంజమిన్ ప్యాటన్ మాజీ సైనికుల చేత చిన్న చిన్న బృందాలుగా లఘుచిత్రాలు తీయిస్తున్నారు. బృందం అన్నది కీలకం. తన పాత్రను ఇంకొకరు వేస్తుంటే తను కెమెరా వెనక నిలబడవచ్చు, ఎక్కడ కట్ చెప్పాలో తనే చెప్పవచ్చు. జరిగిందాన్ని జరిగినట్టే మళ్లీ ఆడించాలన్న పట్టుదల మాత్రం పనికిరాదు. ఖాళీ కుర్చీ, తాళం వేసిన తలుపు చాలు.

సంగీతం చివర్లో. గొంతు కంటే 15 నుంచి 20 డెసిబెల్స్ కిందకి దించాలి. పాట వద్దేవద్దంటే ఇంట్లో ఎవరో ఒకరు అలుగుతారు, వాళ్లకు పాటతో ఇంకో ప్రతి ఇచ్చేస్తే గొడవ ఉండదు.

మొదటిసారి ఎవరు చూడాలో తీసినవాళ్లే పేర్లు చెబుతారు. ఇవాళ్టి సినిమాకు ముగ్గురి పేర్లు చెప్పింది ఆ అమ్మాయి. ఫ్యామిలీ గ్రూపులో పెట్టడం సంగతి తర్వాత చూద్దామంది. పెట్టినా డాక్యుమెంటుగా పంపమన్నాం, మామూలుగా పంపితే వాట్సాప్ నాణ్యత తగ్గించేస్తుంది.