మారతహళ్లిలో మా గృహకూటం: నా అనుభవం

బెంగళూరు మారతహళ్లిలో మా గృహకూటం, అంటే సంఘంలో కొందరం ఇంట్లో కూడుకుని బైబిలు చదివి ప్రార్థన చేసుకునే గుంపు, నడిపే అన్నయ్యకు హైదరాబాద్ ట్రాన్స్‌ఫర్ కావడంతో పాస్టర్ గారు ఆ పని నాకు అప్పగించారు. నాకు ప్రసంగం చేయడం రాదని చెప్పాను. "దానికి ఆదివారం నేనున్నాను కదమ్మా, నువ్వు వాళ్లను మాట్లాడించు చాలు" అన్నారు.

మారతహళ్లిలో శుక్రవారం సాయంత్రం సంగతి తెలిసిందే. రింగ్ రోడ్డులో ఇరుక్కుని ఒక్కొక్కరూ ఒక్కో టైముకి వస్తారు. అందుకే ఎనిమిదింటికి ఎంతమంది ఉంటే అంతమందితో మొదలుపెట్టి, తొమ్మిదిన్నరకల్లా ముగించేస్తాం. పీజీల్లో (పేయింగ్ గెస్ట్ హాస్టళ్లలో) ఉండే అబ్బాయిలకు పదింటికి గేటు వేసేస్తారు మరి. కింద ఇంట్లో పసిబిడ్డ ఉందని కంజీర కూడా పక్కన పెట్టాం.

చదవడానికి మార్కు సువార్త తీసుకున్నాం. 16 అధ్యాయాలే, కథలా సాగిపోతుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు. వాళ్లు ఫోన్‌లో కన్నడంలోనో ఇంగ్లీషులోనో చదువుతారు.

అసలు కష్టం ప్రార్థన దగ్గర వచ్చింది. అందరూ వరసగా ప్రార్థన మనవులు చెప్పడం, చివర్లో ఒక పెద్దాయన అన్నీ కలిపి పొడుగ్గా ప్రార్థన చేయడం మా అలవాటు. అప్పటికి సగం మనవులు ఆయనకే గుర్తుండేవి కావు. కొందరికి కునుకు కూడా పట్టేది, పేర్లు చెప్పనులెండి. దాన్ని మార్చాను. ఒకరు మనవి చెప్పగానే పక్కన కూర్చున్నవాళ్లు వెంటనే, ఆ ఒక్క సంగతి గురించే, రెండు మూడు మాటల్లో ప్రార్థన చేయాలి. ఆ తర్వాతే ఇంకొకరి మనవి.

"మాకు పైకి ప్రార్థన చేయడం రాదక్కా" అన్నారు పీజీ అబ్బాయిలు. ఒక వారం 13వ కీర్తన తీశాం. ఉన్నవి 6 వచనాలే. మొదట్లో దావీదు, నన్ను ఇంకెంతకాలం మరచిపోతావని దేవుణ్ణే నిలదీస్తాడు, చివరికి పాడతానంటాడు. తలా ఒక వచనం చదివాక, ఉద్యోగం పోయిన ఒక తమ్ముడు "ప్రభువా, నాకు నీమీద కోపంగా ఉంది, ఆమేన్" అన్నాడు. నెల్లూరు ఆంటీ అతన్ని సరిదిద్దబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. తర్వాతి వారం నుంచి మిగతా అబ్బాయిలూ నోరు విప్పారు.

ఇంకో సంగతి మాత్రం గట్టిగా పెట్టుకోవాల్సి వచ్చింది. ఇక్కడ చెప్పింది బయటికి పోకూడదు. "ప్రార్థన చేయండి" అంటూ ఇంకొకరి కష్టాన్ని వాట్సాప్‌లో పెట్టాలన్నా ముందు వాళ్లను అడగాలి. చాలా చాడీలు ప్రార్థన మనవి వేషంలోనే తిరుగుతాయి. అలాగే, ఇంట్లో భర్త కొడుతున్నాడని ఎవరైనా చెబితే ప్రార్థన చేసి పంపేయడం సరిపోదు. ఆమె ఆ రాత్రి ఎక్కడ ఉంటుందో చూడాలి, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబర్ ఇవ్వాలి, ఆమె ఒప్పుకుంటే పాస్టరమ్మ గారికి చెప్పాలి. "సర్దుకుపో" అనే సలహా మా గుంపులో ఎవరూ ఇవ్వకూడదని పట్టుబట్టాను.

ఇప్పుడు మా హాలు చాలడం లేదు. కె.ఆర్.పురం వైపు ఉన్నవాళ్లు వచ్చే నెల నుంచి నర్సు సిస్టర్ ఇంట్లో కూడుకుంటారు. విడిపోవడం ఆంటీకి ఇష్టం లేదు. రెండు చోట్లకీ వస్తానంటున్నారు.