నాన్నగారి కాలిలోని గొట్టం

మా నాన్నగారి కుడి కాలిలో, గజ్జ నుంచి మోకాలి పైభాగం దాకా, పీటీఎఫ్ఈ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో చేసిన గ్రాఫ్టు, అంటే రక్తం పారే కృత్రిమ గొట్టం, వేసి ఈ నెలతో ఆరేళ్లు నిండాయి. అంతకు ముందు బ్రాడీపేటలోని మా ఇంటి నుంచి అరండల్‌పేట వైపు వంద అడుగులు వేసేసరికి పిక్క పట్టేసి, ఏదో ఒక అరుగు మీద కూలబడేవారు. ఇప్పుడు ఎక్కడా ఆగకుండా వెళ్లి వస్తున్నారు.

కాలి ధమని పూడుకుపోయినప్పుడు రక్తానికి పక్కదారి వేసే బైపాస్‌కు అన్నింటికంటే మేలైనది రోగి సొంత సిర. 1948లో పారిస్‌లో కున్లిన్ అనే సర్జన్ మొదటిసారి చేసింది కూడా సిరతోనే. నాన్నగారికి ఆ అవకాశం లేకపోయింది, ఎందుకంటే గుండె బైపాస్ కోసం రెండు కాళ్ల సిరలూ అంతకు ముందే తీసేశారు.

మోకాలి పైన చేసే బైపాస్‌లపై నెదర్లాండ్స్ వైద్యులు 2003లో ప్రచురించిన పరిశీలనలో, అయిదేళ్ల తర్వాత సిరలలో సుమారు 76 శాతం, పీటీఎఫ్ఈ గొట్టాలలో 52 శాతం తెరుచుకుని ఉన్నాయి. మోకాలి కింది సన్నని ధమనులకు వేస్తే తేడా మరీ ఘోరం: 1986 నాటి అమెరికా పరిశీలనలో నాలుగేళ్లకు సిరలు 49 శాతం నిలవగా, గొట్టాలు 12 శాతమే నిలిచాయి. సిరకు రక్తం గడ్డకట్టనివ్వని సజీవమైన లోపొర ఉంటుంది. కృత్రిమ గొట్టం లోపల ఆ పొర అతుకుల దగ్గర కొద్ది మేర తప్ప పెరగదు. పైగా బిరుసైన గొట్టం మెత్తని ధమనిని కలిసే కింది అతుకు దగ్గర కణజాలం మందమెక్కి, దారి ఇరుకవుతుంది.

ఈ సంగతులేవీ మాకు డిశ్చార్జి రోజున ఎవరూ చెప్పలేదు. కాగితం మీద కుట్లు విప్పే తేదీ మాత్రమే ఉంది. ఆ నిర్లక్ష్యం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది, ఎందుకంటే గొట్టం మూసుకుపోతే కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, మొద్దుబారవచ్చు, అప్పుడు చేతిలో ఉండేది గంటలే. నాన్నగారు నలభై ఏళ్ల చుట్ట అలవాటు మానేశారు, ఆస్పిరిన్ ఒక్కరోజూ తప్పరు. రోజూ రాత్రి నేను ఆయన రెండు పాదాలనూ తాకి వెచ్చదనం పోల్చుకుంటాను.

పోయిన వారం తెనాలిలో మా బాబాయిగారికి ఇదే జబ్బని తేలింది. ముందు సిరలకు డాప్లర్ స్కాన్ (రక్తనాళాలను చూసే అల్ట్రాసౌండ్ పరీక్ష) తీయించమని ఫోనులో చెప్పాను. ఎడమ కాలి సిర బాగుందట.